తోడునడక

చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లో ఎవరో ఆడమనిషి గొంతు. "అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. ఎడమ కాల్లో ఏదో గుచ్చుకుంది."

భూలక్ష్మి ఆగింది. పక్కనున్న వెదురు బొంగు పట్టుకుని, పాదం వెనక్కి మడిచి చూసుకుంది. మడమకి కాస్త ముందు మెత్తటి చోట పరికి ముల్లు దిగి ఉంది. సగం పైగా లోపలే ఉంది. చుట్టూ నెత్తురు మట్టితో కలిసి అప్పటికే ఎండింది.

"చాలాసేపట్నుంచీ ఉందమ్మా," అంది ఆ గొంతు మొహమాటపడుతూ. "మీరే తీసుకుంటారులే అని ఊరుకున్నాను. ఇక ఓర్చుకోలేక చెప్పాను."

భూలక్ష్మి ముల్లు పట్టుకుని లాగింది. చెవిలో చాలామంది ఒకేసారి "స్స్" అన్నారు. ఆ పొద్దున ఆమెతో పాటు నడుస్తున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. ఇళ్ళల్లో, ఆసుపత్రి మంచాల మీద, ఆఫీసు కుర్చీల్లో ఉన్నారు. అందరి పాదమూ ఒక్కసారి చురుక్కుమంది. భూలక్ష్మికి మాత్రం చెక్కలోంచి మేకు ఊడబెరికినట్టుంది. లాగిన బిగువు మోచేతికి తెలిసింది. కాలికి ఏమీ తెలియలేదు.

"చూసుకోలేదండీ, ఏమీ అనుకోకండి," అని ముందుకి కదిలింది. "ఇప్పుడు వాగు వస్తుంది. నీళ్ళు చల్లగా ఉంటాయి."

రోజూ ఆ చోట ఆ మాట చెప్పేది. ఆ రోజూ చెప్పింది.

*

మారేడుమిల్లి దాటి కొండల్లోకి వెళితే చింతలగొంది అని చిన్న ఊరు. ఊరి చివర మొదలై, వాగు వెంబడి వెదురు పొదల్లోంచి, పెద్ద చెట్ల కిందుగా, గాలిగట్టు అనే కొండకొమ్ము దాకా ఒక కాలిబాట ఉంది. తేనె తీసేవాళ్ళు, అడ్డాకులు కోసుకునేవాళ్ళు తిరిగి తిరిగి వేసిన దారి. ఊళ్ళో కొందరు కలిసి ఆ దారిలో బయటివాళ్ళని నడిపించేవాళ్ళు. పదిమందికి మించకుండా తీసుకెళ్ళి, ఇది బండారు చెట్టు, ఇది ఎలుగు గోకిన బెరడు అని చూపించి, తెచ్చిన చెత్త తిరిగి వాళ్ళ సంచిలోనే వేయించి దింపేవాళ్ళు. ఆ పనిలో దిగిన మొదటి ఆడమనిషి పల్లాల భూలక్ష్మి. గొంతు పెద్దది. జట్టులో ఎవరైనా దారి తప్పి పువ్వు కోయడానికి వెళితే, "ఏవండోయ్, ఆ పువ్వు ఇంకొకరు కూడా చూడాలి!" అని అరిచేది.

తర్వాత ఎవరో గాలిగట్టు మీద తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. జనం గైడ్లు లేకుండానే వచ్చి పడ్డారు. మనిషి పట్టేంత బాట బండి దారంత వెడల్పయింది. తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడ్డాయి. వాగులో పగిలిన సీసాలు. ఒక వానాకాలం వాగు మలుపు దగ్గర గట్టు జారింది. కాకినాడలో చదువుకునే ఒక అబ్బాయి దానితో పాటు జారిపోయాడు. భూలక్ష్మీ, ఆమె భర్త సోమిరెడ్డీ కలిసి అతని శవాన్ని కింద మడుగులోంచి పైకి తీశారు.

దారి మూసేశారు. తర్వాత మాటలు మొదలయ్యాయి. సిమెంటు మెట్లు వేస్తారట, ఇనుప కమ్మీలు పాతుతారట, గట్టు దాకా జీపు రోడ్డు తీస్తారట అని.

అప్పుడొచ్చింది రెహానా. నరాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో శాస్త్రవేత్త. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉండేది. ఉల్లిపొరంత పల్చటి పట్టీలు తెచ్చి భూలక్ష్మి అరికాళ్ళకీ, అరచేతులకీ, మెడ వెనకా అంటించింది. తన మెడకి ఒక బిళ్ళ పెట్టుకుని, జీపులో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఇప్పుడు వాగులో అడుగు పెట్టండి," అంది కిటికీలోంచి.

భూలక్ష్మి నీళ్ళలో కాలు పెట్టింది. జీపులో ఉన్న రెహానా కెవ్వుమని కాళ్ళు సీటు మీదికి లాక్కుంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు.

"చర్మానికి తగిలింది మెదడుకి చేరేలోపు, దారిలో ఒక నకలు తీసుకుంటుందంతే," అంది రెహానా. "ఒక్కరు నడిస్తే ఎంతమందైనా నడవొచ్చు. దారి మీద పడేది మాత్రం మీ రెండు కాళ్ళే. మీ నుంచి ఏమీ పోదు."

ఆ రోజు ఆమె ఆ మాట నమ్మే అంది.

దానికి తోడునడక అని పేరు పెట్టారు. అది నడిచినంత కాలం దారిలోకి వేరే మనుషులని రానివ్వబోమని, మెట్లూ రోడ్డూ మాట ఎత్తబోమని అధికారులు ఒప్పుకున్నారు. భూలక్ష్మి రోజూ ఒట్టి కాళ్ళతో ఒక్కతే ఎక్కి దిగింది. రెండు వానాకాలాలు గడిచేసరికి బాట మళ్ళీ సన్నబడింది. జారిన గట్టు మీద ఫెర్నులు పట్టాయి. అడవికోళ్ళు దారి మధ్యలోకి వచ్చి గీరుకోవడం మొదలుపెట్టాయి. అది చూసిన రోజు ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. కన్నీళ్ళు చెంపల మీద వెచ్చగా జారడం అప్పటికింకా ఆమెకి తెలిసేది.

*

మొదట అరికాళ్ళు మొద్దుబారాయి. ఒట్టి కాళ్ళతో తిరిగితే కాయకాస్తాయి కదా అనుకుంది. తర్వాత అరచేతులు. పిండి పిసికితే నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చేతికి తెలిసేది కాదు, కళ్ళతో చూసుకోవాల్సి వచ్చేది. బరువూ బిగువూ మోచేతికీ మోకాలికీ మాత్రం తెలిసేవి. వేడి, చల్లన, మెత్తన, గరుకు తెలిసేవి కావు. సోమిరెడ్డికి చెప్పలేదు. చెప్పడానికి అదో పెద్ద విషయంగా కూడా అనిపించలేదు. ఏదీ పెద్ద విషయంగా అనిపించకపోవడం కూడా అందులో భాగమేనేమో ఆమెకి తెలియదు.

ఆదివారం కూతురికి తలంటు పోయాలి. జయంతి రెండో తరగతి. పెరట్లో బండ మీద కూర్చుని, కుంకుడుకాయ రసం కళ్ళలో పడుతుందని ముందుగానే గట్టిగా కళ్ళు మూసుకుంది. భూలక్ష్మి కాగులోంచి వేణ్ణీళ్ళు బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసింది. సరిపోయిందనుకుంది. చెంబు ముంచి వీపు మీద పోసింది.

పిల్ల అరిచిన అరుపుకి వీధిలో జీపు తుడుస్తున్న సోమిరెడ్డి పరుగెత్తుకొచ్చాడు. జయంతి బండ మీద నుంచి దొర్లి మట్టిలో పడి ఉంది. భుజాల నుంచి నడుం దాకా వీపంతా ఎర్రగా కమిలిపోయింది. భూలక్ష్మి చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది. "చెయ్యి పెట్టి చూశాను."

సోమిరెడ్డి బకెట్లో వేలు ముంచి వెంటనే తీసేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. అదీ మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బి ఉంది.

రంపచోడవరం ఆసుపత్రిలో జయంతిని బోర్లా పడుకోబెట్టి మందు రాశారు. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయాక సోమిరెడ్డి వరండాలోకి వచ్చాడు.

"ఆ పట్టీలు పీకి అవతల పారెయ్."

"ఆపేస్తే దారి తెరుస్తారయ్యా. మెట్లు వేస్తారు."

"దారి నీ కూతురి కంటే ఎక్కువా?"

"కాదు," అంది భూలక్ష్మి. ఆ మాట నిజమే. కానీ దాని వెనక రావాల్సినదేదీ రాలేదు. గుండె దడదడలాడాలి, కడుపులో తిప్పాలి. ఆమె గోడకి ఆనుకుని, అవి వస్తాయేమోనని కాసేపు చూసింది.

*

సంస్థ అద్దెకి తీసుకున్న మేడ ఆసుపత్రికి దగ్గరే. మర్నాడు రెహానా ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. సూదితో తాకింది. మంచు గడ్డతో తాకింది. కోడి ఈకతో రాసింది.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు మేడమ్."

"ఇప్పుడు?"

భూలక్ష్మి కళ్ళు తెరిచింది. రెహానా చేతిలో ఏమీ లేదు. ఆమె భూలక్ష్మి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని పట్టుకుని ఉంది.

"నరం చెడిపోలేదు," అంది రెహానా తల దించుకుని. "కబురు పాదం నుంచి బయల్దేరుతూనే ఉంది. పట్టీ దగ్గరికి రాగానే అందుకునేవాళ్ళున్నారు. రోజూ ఉన్నారు. ఇక పైదాకా మోసుకెళ్ళక్కర్లేదని అది నేర్చేసుకుంది."

"అంటే నా కాలు వాళ్ళతోనే మాట్లాడుతోంది. నాతో మానేసింది."

"అంతే."

"మీకెప్పుడు తెలిసింది?"

రెహానా ఆమె చేతులు వదిలేసింది. కిటికీ కింద సంతకి వెళ్ళే ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"చలికాలంలోనే. పైవాళ్ళకి చెప్పాను. ఈ సీజన్ అయ్యాక చూద్దామన్నారు. నేను సరేనన్నాను."

"మీరెందుకు సరేనన్నారు?"

"కాకినాడలో పెద్ద పరీక్ష ఒకటి చెయ్యాలి," అంది రెహానా. "అక్కడ మా ఇంటికి కూడా రండి. చూస్తే మీకే తెలుస్తుంది."

*

కాకినాడ పరీక్షలో కొత్తగా ఏమీ తెలియలేదు. ఇప్పుడే ఆపేస్తే కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అక్కడి నుంచి రెహానా ఆమెని జగన్నాథపురంలో ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళింది.

ముందుగదిలో ఇనుప మంచం మీద ఆమె తల్లి జైనబ్‌బీ పడుకుని ఉంది. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. బస్సు ప్రమాదంలో మెడ దెబ్బతిని, మెడ కింద ఏమీ తెలియకుండా అయిదేళ్ళుగా మంచం మీదే ఉంది. మెడకి తోడునడక బిళ్ళ అంటించి ఉంది. భూలక్ష్మి ఎవరో రెహానా చెప్పలేదు. ఆఫీసు పని మీద వచ్చారని మాత్రం అంది.

"కూర్చో అమ్మాయ్," అంది జైనబ్‌బీ. గొంతు ఇంకా బడి మైదానంలో వినిపించేలాగే ఉంది. "మా అమ్మాయి కనిపెట్టింది చూశావా? పొద్దున్నే నేను అడవికి వెళ్ళొస్తాను. నిజం. వాన పడిన మర్నాడు మట్టి మీద కాలేస్తే, వేళ్ళ సందుల్లోంచి పైకి ఉబుకుతుంది చూడు, అది! వాగు దాటేటప్పుడు చలి పిక్కల్ని కోసేస్తుంది. దాటాక ఒక బండరాయి ఉంది. పొద్దుటెండ సరిగ్గా దాని మీదే పడుతుంది. ఆవిడ రోజూ అక్కడ ఆగి రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడుతుంది. ఎంత హాయిగా ఉంటుందనుకున్నావ్! ఆ వెచ్చదనం నాకు రోజంతా సరిపోతుంది."

భూలక్ష్మి వింటోంది. ఆ రాయి తెలుసు. మొదటి రోజుల్లో ఇష్టంగానే ఆగేది. ఇప్పుడు ఆగడం అలవాటై ఆగుతోంది.

"ఇప్పటికీ వెచ్చగానే ఉందాండీ, ఆ రాయి?" అని అడిగింది.

జైనబ్‌బీ చెప్పబోతూ ఆగింది. ఆ గొంతు ఆమె రోజూ వింటున్నదే. భూలక్ష్మి ముఖం వైపు చూసింది. తర్వాత గుమ్మం దగ్గరున్న కూతురి వైపు చూసింది. రెహానా చూపు తిప్పుకుంది.

"నీ కాళ్ళు ఇలా మంచం మీద పెట్టమ్మా," అంది జైనబ్‌బీ నెమ్మదిగా. "నేను పట్టుకోలేను. చూస్తాను."

భూలక్ష్మి కాళ్ళు పైకి పెట్టింది. అరికాళ్ళ నిండా కోతలు. కొన్ని పాతవి, కొన్ని చీము పట్టినవి. బొటనవేలి గోరు సగం ఊడి వేలాడుతోంది. అది ఎప్పుడు ఊడిందో ఆమెకి తెలియదు. నొప్పంతా ఈ గదిలోకీ, ఇలాంటి ఎన్నో గదుల్లోకీ వచ్చింది.

"ఈ వేలు నాకు తెలుసు," అంది జైనబ్‌బీ. "మొన్న మంగళవారం. రాయికి కొట్టుకుంది. నేను అరిచాను కూడా. ఆవిడ ఆగలేదేంటా అనుకున్నాను." ఆమె కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చేతులు లేవవు. "రెహానా, ఈ బిళ్ళ తీసెయ్."

"అమ్మీ, అది తీసేస్తే నీకు..."

"తెలుసు. అయిదేళ్ళు పడుకున్నదాన్ని, పడుకోవడం నాకొచ్చు. ఈ పిల్ల కాళ్ళు ఈ పిల్లకి తెలియకుండా నేనేసుకుని తిరుగుతున్నానా ఇన్నాళ్ళూ? తియ్యి."

రెహానా దగ్గరికొచ్చి బిళ్ళ అంచు గోటితో లేపింది. ఊడి రావడానికి క్షణం పట్టలేదు. జైనబ్‌బీ ముఖంలో ఏదో సద్దుమణిగింది. కరెంటు పోయాక ఇల్లు అలాగే ఉన్నట్టు ఆమె అలాగే ఉంది.

భూలక్ష్మి వద్దనలేదు. థాంక్సూ చెప్పలేదు. చెంగుతో ఆమె కన్నీళ్ళు తుడిచింది. ఎంత గట్టిగా నొక్కుతోందో తెలియక మెల్లగా, కళ్ళతో చూసుకుంటూ తుడిచింది.

*

పరీక్షల వివరాలన్నీ రెహానా నేరుగా అధికారులకి ఇచ్చేసింది. సంస్థ ఆమెని ఉద్యోగంలోంచి తీసేసింది. తోడునడక ఆగిపోయింది. తర్వాత చాలా రోజులు భూలక్ష్మి ఫోనుకి ఎవరెవరో చేశారు. కొందరు క్షమించమన్నారు. కొందరు తిట్టారు. ఒకాయన ఏమీ అనకుండా ఏడ్చి, "మా అబ్బాయికి అదొక్కటే ఉండేదమ్మా," అని పెట్టేశాడు. భూలక్ష్మి అన్నీ వింది. అన్నిటికీ "అవునండీ," అంది.

ఊళ్ళో గైడ్లందరూ బడి అరుగు మీద కూర్చున్నారు. దారి మళ్ళీ తెరిచి మెట్ల పని మొదలుపెడతారని కబురొచ్చింది.

"వంతులేసుకుందాం వదినా," అన్నాడు బాపిరెడ్డి. జట్టులో చిన్నవాడు, కొత్తగా పెళ్ళయింది. "ఒక్కొక్కరం కొన్నాళ్ళు నడుద్దాం. అందరం తలా కాస్త పోగొట్టుకుంటే ఎవరికీ పూర్తిగా పోదు. వాళ్ళని అడిగి మళ్ళీ మొదలుపెట్టిద్దాం."

కొందరు తలాడించారు.

"రేపు నీకు పిల్లలు పుడితే నీళ్ళెవరు పోస్తారు?" అని అడిగింది భూలక్ష్మి.

ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు అందరూ కలిసి అటవీ అధికారి దగ్గరికి వెళ్ళారు. మెట్లు వద్దు, రోడ్డు వద్దు, పాత పద్ధతిలో చిన్న జట్లని మేమే నడిపిస్తాం, గైడు లేకుండా ఒక్కరినీ రానివ్వం, కింద మేమే కాపలా ఉంటాం అన్నారు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. దారి బాగుపడటం తాను కూడా చూశాడు కాబట్టి చివరికి ఒక చలికాలం గడువిచ్చాడు. మళ్ళీ పాడైతే మెట్లే అన్నాడు.

"పాడవనివ్వం," అంది భూలక్ష్మి. అలా అంటున్నప్పుడు తన గొంతు పెద్దగా ఉందో లేదో పట్టించుకోలేదు.

*

మొదటి జట్టులో రెహానా కూడా ఉంది. చెప్పకుండా వచ్చి, మిగతావాళ్ళతో పాటు వరసలో నిలబడింది. జయంతికి సెలవులు. వీపు మీద కాలిన గాయం మానింది, బిగుసుకున్న చర్మం మాత్రం అలాగే ఉంది. తనూ వస్తానంది. భూలక్ష్మి బూట్లు వేసుకుంది. డాక్టరు వేసుకోమన్నాడు.

"ఒకరి వెనక ఒకరు. ముందువాళ్ళు అడుగేసిన చోటే అడుగు. పక్కకి దిగొద్దు," అని చెప్పింది.

వాగు దగ్గర రెహానా జారి మోకాళ్ళ మీద పడింది. అరచెయ్యి గీసుకుంది. లేచి, నీళ్ళలో నిలబడి, వణుకుతూ కాళ్ళ వైపు చూసుకుంది.

"బిళ్ళలో ఇలా లేదు," అంది. "కొంచెం తక్కువగా ఉండేది. నకలు నకలే."

"మీ అమ్మగారు ఎలా ఉన్నారు?"

"పాత శిష్యులు వస్తున్నారు. వాళ్ళ చేత వ్యాయామాలు చేయించి చూస్తూ ఉంటుంది. పొద్దున్న పూట మాత్రం ఎవరితోనూ మాట్లాడదు." రెహానా గీసుకున్న అరచెయ్యి నీళ్ళలో కడుక్కుంది. "నన్ను మీరు ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా."

భూలక్ష్మి ఆమె వైపు చూసింది. కోపం ఉండాల్సిన చోటు తెలుసు. అక్కడికి వెళ్ళి వెతికి వచ్చింది.

"ఆ ముందు రాయి మీద కాలు పెట్టకండి," అంది. "నాచుంది. ఎడమ పక్క రండి."

గాలిగట్టు చేరేసరికి మబ్బు పట్టింది. వచ్చినవాళ్ళ చున్నీలు, తువ్వాళ్ళు ఎగిరాయి. అబ్బా ఏం గాలి అని అరుస్తూ ఒకరినొకరు పట్టుకున్నారు. కింద లోయంతా పచ్చగా, ఎక్కడా తెగకుండా ఉంది.

"మీకు చలెయ్యట్లేదా అండీ?" అని ఒకాయన అడిగాడు.

భూలక్ష్మి గడ్డి వైపు చూసింది. బాగా వంగుతోంది, తూర్పు నుంచి.

"వాన పడుతుంది. దిగుదాం," అంది.

దిగేటప్పుడు దారి నిటారుగా ఉంటుంది. జయంతి చెయ్యందించింది. భూలక్ష్మి పట్టుకుంది. నాలుగడుగులు వేసి, పిల్ల చెయ్యి ఉందో లేదోనని కిందికి చూసింది. ఉంది. మళ్ళీ నాలుగడుగులకి మళ్ళీ చూసింది. ఈసారి కాలు తడబడింది. వెనకాల రెహానా "జాగ్రత్త!" అంది.

జయంతి ఆగి తల్లి ముఖంలోకి చూసింది. ఆసుపత్రిలో కూడా అడగనిది అప్పుడు అడిగింది.

"నేను పట్టుకుంటే నీకు తెలీదా అమ్మా?"

"తెలీదమ్మా."

పిల్ల కింద దారి వైపు, పట్టుకున్న చేతుల వైపు చూసింది.

"అయితే నువ్వు దారి చూడు. నేను చెబుతూ ఉంటా," అని, అడుగడుక్కీ "పట్టుకున్నా... పట్టుకున్నా..." అంటూ దిగడం మొదలుపెట్టింది. ఆ మాట వింటూ భూలక్ష్మి దారి చూసుకుంటూ నడిచింది. వెనక అందరూ ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ వస్తున్నారు.